పదకొండు నెలల్లో వెళ్ళిపోతాను, క్రూకి ఒక గది ఇచ్చి వెళ్ళాలనుంది

బెంగళూరు రామ్మూర్తినగర్ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. సొంతూరు మదనపల్లె, వయసు ఇరవై నాలుగు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆరేళ్ళుగా ఒక రోవర్ క్రూలో ఉన్నారు, రెండేళ్ళుగా సీనియర్ రోవర్ మేట్. స్కౌటింగ్ తెలియని పాఠకుల కోసం ఒక మాట: స్కౌట్లలోనే వయసులో పెద్దవాళ్ళైన కుర్రాళ్ళను రోవర్లంటారు, గైడ్లలో పెద్దవాళ్ళైన అమ్మాయిలను రేంజర్లంటారు. రోవర్ల బృందం క్రూ. అందులో చిన్న జట్టుకు నాయకుడు రోవర్ మేట్, ఆ మేట్లందరికీ పెద్ద సీనియర్ రోవర్ మేట్, క్రూ బాగోగులు చూసే పెద్దవారు రోవర్ లీడరు. వాళ్ళు కలుసుకునే సొంత గది డెన్. ఇరవై ఐదేళ్ళు నిండితే రోవర్‌గా కాలం తీరినట్టే.

క్రూలో పదకొండు మంది అబ్బాయిలు, కలిసి నడిచే రేంజర్ టీములో ఆరుగురు అమ్మాయిలు. పదిహేడు మందిలో పది మందికి ఉద్యోగాలున్నాయి, ఏడుగురు పీయూసీ (మన ఇంటర్), డిగ్రీ పిల్లలు. మొన్నటిదాకా ఒక ప్రైవేటు బడి వరండాలో ఆదివారాలు కలిసేవారు. యాజమాన్యం మారి వరండా పోయింది. తర్వాత పార్కులో కూర్చుంటే, వాచ్‌మన్ ఈల వేసినప్పుడల్లా లేచిపోవాల్సి వచ్చింది. తాళ్ళు, గుడారాలు, వంటగిన్నెలు ఐదు ఇళ్ళలో పంచి పెట్టారు. కిందటి వానల్లో ఒక గుడారం ఎవరి బాల్కనీలోనో బూజు పట్టి పాడైంది.

ఇప్పుడు మూడు దారులు కనిపిస్తున్నాయట. ఒకటి, దూరవాణినగర్‌లో ఐటీఐ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒక తెలుగు పెద్దాయన. తన మేడమీద పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవున్న రేకుల గదిని ఉచితంగా వాడుకోమంటున్నారు. రాత్రి ఎనిమిది దాటితే చప్పుడు వద్దు, మాంసం వండవద్దు, ఇవే ఆయన షరతులు. కానీ హైదరాబాదులో ఉన్న ఆయన కొడుకు ఫోన్ చేసి "ఎవరు మీరు, ఎన్నాళ్ళుంటారు?" అని అడిగాడట. రెండోది హోరమావు రోడ్డు మీద ఒక షట్టర్ షాపు, నెలకు 9,000 అద్దె, పది నెలల అడ్వాన్సు 90,000. మూడోది ఆ బడే. కొత్త హెడ్మాస్టరు శనివారం సాయంత్రాలు ఒక తరగతి గది, తాళం వేసుకునే ఒక బీరువా ఇస్తామంటున్నారు.

ఉత్తరం రాసిన వారికి షట్టర్ మీద మనసుంది. అడ్వాన్సు తానే కడతానంటున్నారు. అది అక్క పెళ్ళికి ఇస్తానని ఇంట్లో మాటిచ్చిన డబ్బు, అమ్మకు ఇంకా చెప్పలేదు. ఈలోగా తమ్ముడిలా చూసుకున్న రోవర్ మేట్ అందరి ముందూ "ఇదంతా క్రూ కోసం కాదన్నా, గోడమీద నీ పేరు కోసం" అన్నాడట. "ఆ రోజునుంచి నిద్ర పట్టడం లేదు. వాడన్నది నిజమేమోనని భయం" అని ముగించారు.

ముందు ఆ మాట సంగతే మాట్లాడుకుందాం. ఎందుకంటే మీ ఉత్తరంలో గది గురించి మూడు పేజీలుంటే, ఆ మాట గురించి ఉన్నది నాలుగే నాలుగు వాక్యాలు. కానీ మీ చేతిరాత వణికింది ఆ నాలుగు వాక్యాల దగ్గరే.

మీ మేట్ అన్నది సగం నిజం, ఆ సగంలో తప్పేమీ లేదు. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒంటరిగా ఈ ఊరొచ్చి, క్రూలో అన్నదమ్ముల్ని సంపాదించుకున్నవాడికి వెళ్ళేముందు ఏదైనా ఇచ్చి వెళ్ళాలని ఉండదా? ఉంటుంది. అది పేరాశ అనుకోను, రుణం తీర్చుకోవాలన్న తపన అనుకుంటాను. కానీ ఆ కుర్రాడికి అది వేరేలా కనిపించింది. మీరు షాపు చూశారు, ఓనరుతో మాట్లాడారు, అడ్వాన్సు మాట ఇచ్చారు, తర్వాత క్రూకి చెప్పారు. ఈ వరస మీ ఉత్తరంలోనే ఉంది. ఇవ్వాలన్న తొందరలో అడగడం మరిచిపోయారు. అతనికి కోపం గది మీద కాదనుకుంటాను. తనను అడగలేదని.

ఇక డబ్బు. మీతో కలిసి లెక్క వేస్తాను, కోప్పడకండి. అద్దె 9,000. సంపాదించేవాళ్ళు పది మంది కాబట్టి ఇప్పుడు తలా 900, కరెంటు కాక. పదకొండు నెలల్లో మీతోపాటు ఇంకో ఇద్దరికి ఇరవై ఐదు నిండుతాయని రాశారు. అప్పుడు మిగిలేది ఏడుగురు. తలా 1,286 పడుతుంది. వాళ్ళలో ఒకరు ఉద్యోగం మారి పూణే వెళ్ళినా, ఒకరికి పెళ్ళయినా ఆ భారం మిగతా ఆరుగురి మీద పడుతుంది. లేదా చదువుకునే పిల్లల దగ్గర అడగడం మొదలవుతుంది. పదిహేడేళ్ళ అమ్మాయి ఇంట్లో "డెన్‌కి ఐదొందలు" అని ఒకసారి అడుగుతుంది, రెండుసార్లు అడుగుతుంది, మూడోసారి మీటింగుకే రాదు. అగ్రిమెంటు ఎవరి పేరు మీదుంటుంది? మీ పేరు మీద. రోవర్‌గా మీరు వెళ్ళిపోయినా బాకీదారుగా అక్కడే ఉంటారు. ఖాళీ చేసే రోజున పెయింటింగు పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం బెంగళూరులో మామూలే, ఆ మాట మీకు నేను చెప్పనక్కర్లేదు.

షట్టర్‌లో ఇంకో చిక్కుంది. మీరు గీసి పంపిన షాపు బొమ్మ చూశాను. కిటికీ లేదు. బాత్రూము వీధి చివర, నాలుగు షాపులకూ కలిపి ఒకటే. ఆరుగురు అమ్మాయిలున్న బృందానికి ఇది చిన్న విషయం కాదు. చెప్పడానికి మొహమాటపడి, ఇంకేదో సాకు చెప్పి మానేస్తారు. షట్టర్ మంచి చోటు కాదని నేననడం లేదు. మెయిన్ రోడ్డు, బస్సు దిగితే చాలు, ఎవరి షరతులూ లేవు, బోర్డు పెట్టుకోవచ్చు, రాత్రి పదింటిదాకా కూర్చోవచ్చు. ఆ స్వేచ్ఛకు విలువుంది. పది మంది ఉద్యోగస్తులూ ఏడాదికి సరిపడా తమ వాటా ముందే క్రూ ఖాతాలో వేయగలిగితే, అడ్వాన్సు ఒక్కరిది కాకుండా అందరిదీ అయితే, అగ్రిమెంటులో మీ రోవర్ లీడరు గానీ గ్రూపు కమిటీ పెద్దలు గానీ సంతకం చేస్తే, అప్పుడు ఆలోచించండి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా అది క్రూ డెన్ కాదు, మీ షాపు.

మేడమీద గది దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే దీన్ని మీరు తేలిగ్గా తీసేశారనిపించింది. "రేకుల షెడ్డు, పెద్దాయన చాదస్తం" అని రెండు ముక్కల్లో తేల్చేశారు.

నూట నలభై చదరపు అడుగుల్లో పదిహేడు మంది చాపలమీద గుండ్రంగా కూర్చోవచ్చు, గోడ వారగా సామాను పేర్చనంతవరకు. బీరువాలు, బల్లలు పెడితే మనుషులకు చోటుండదు. అందుకని ఆ గదికి కావాల్సింది ఫర్నిచరు కాదు, గోడ పైభాగాన తాళ్ళు వేలాడదీయడానికి వెదురు గడలు, కింద రెండు ట్రంకు పెట్టెలు. తాడు నేలమీద చుట్టి పెడితే చెమ్మ లాగుతుంది, వేలాడితే ఏళ్ళు నిలుస్తుంది. గుడారం ఎంత ఆలస్యమైనా సరే, మేడమీద ఆరబెట్టాకే మడవాలి. మీ పాత గుడారం బూజు పట్టింది బాల్కనీ వల్ల కాదు, తడి మీద మడిచినందువల్ల. రేకు మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో కాలిపోతుంది. పైన తెల్ల సున్నం కొడితే కొంత తగ్గుతుంది, కానీ ఆ నెలల్లో సాయంత్రం ఐదు తర్వాతే కలవండి. వాన పడితే రేకుమీద చప్పుడుకి మాట వినబడదు. ఆ రోజు నాట్స్ (తాడు ముడులు), లాషింగ్ (తాడుతో గడలు బిగించి కట్టడం) చేసుకోండి, వాటికి మాటలక్కర్లేదు. గ్యాస్ సిలిండరు మాత్రం ఆ మూసిన గదిలో ఉంచవద్దు. పిట్టగోడ ఎంత ఎత్తుందో కొలవండి. పెద్దవాళ్ళ నడుము దాకా లేకపోతే చీకటి పడ్డాక బయట ఆటలు వద్దు.

మెట్లు ఇంటి బయటనుంచి ఉన్నాయని రాశారు. అది పెద్ద వరం. ఆయన భోజనం చేస్తుంటే మీరు హాల్లోంచి నడవక్కర్లేదు. బాత్రూము మేడమీదే ఉందంటున్నారు కాబట్టి అమ్మాయిల ఇబ్బందీ తీరినట్టే.

కొడుకు ఫోన్ చేసి అడిగినందుకు మీరు నొచ్చుకున్నారు. ఆయన చోట ఉంటే నేనూ అడుగుతాను. ఊళ్ళో ఒంటరిగా ఉన్న తండ్రి, మేడమీద పదిహేడు మంది కుర్రకారు, రేపు ఖాళీ చేయమంటే చేస్తారో లేదో తెలియదు. ఆ భయం తీర్చాల్సింది మీరే, అదీ కాగితం మీద. మన చట్టంలో అద్దె వేరు, అనుమతి వేరు. చోటు మీద హక్కేమీ రాకుండా, వాడుకోవడానికి మాత్రం యజమాని ఇచ్చే అనుమతిని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం లైసెన్సు అంటుంది. ఆ మాటే వాడి ఒక పేజీ రాయించండి: గది ఆయనది, మాకు ఆదివారం నాలుగు నుంచి ఎనిమిది వరకు వాడుకునే అనుమతి మాత్రమే, అద్దె లేదు, ఆయన ఎప్పుడు వద్దన్నా నెల రోజుల్లో ఖాళీ చేస్తాం, కరెంటు బిల్లులో ఇంత భాగం మాది. కింద మీ రోవర్ లీడరు సంతకం, ఇద్దరు సాక్షులు. ఒక కాపీ హైదరాబాదుకి పంపండి. అడక్కముందే పంపితే ఆ కొడుకు మీ మనిషవుతాడు.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. నేను గైడ్‌గా ఉన్న రోజుల్లో మాకూ ఒక గది దొరికింది. ఒక పెద్దమనిషి నోటిమాటగా ఇచ్చారు. వేసవంతా సున్నాలు వేశాం, గోడమీద నాట్స్ బోర్డు చేశాం. ఏడాదిన్నర తర్వాత ఆయన పోయారు, వారసులకు మేమెవరమో తెలియదు. ఒక ఆదివారం వెళ్ళేసరికి మా జెండా, చేసినవన్నీ రాసుకునే లాగ్ పుస్తకం, దుప్పట్లు వరండాలో వానలో ఉన్నాయి. వాళ్ళను ఇప్పటికీ తప్పుపట్టను. వాళ్ళ దృష్టిలో అవి ఎవరివో తెలియని సామాన్లు. లాగ్ పుస్తకం ఆరబెట్టాం గానీ మొదటి ముప్పై పేజీలు అతుక్కుపోయాయి. అందుకే రెండు ట్రంకు పెట్టెలన్నాను. మీ డెన్ మొత్తం, అంటే జెండా, లాగ్ పుస్తకం, సామాను రిజిస్టరు, స్కార్ఫులు, ఫస్ట్ ఎయిడ్, లాంతరు, ఒక గంటలో ఆ రెండు పెట్టెల్లోకి ఎక్కాలి. ఎక్కితే ఏ గదైనా మీ డెన్ అవుతుంది, ఏ గది పోయినా డెన్ పోదు.

ఆయన చాదస్తం అన్నారే, అందులో మీకు పనికొచ్చేది ఉంది. ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి చేతికి చెక్క, ఇనుము, తీగ అన్నీ తెలుసు. వెదురు గడలు బిగించే రోజున ఆయన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఎలా చేయాలో అడగండి. రోవర్ల నినాదం సేవ. సేవ చేయడానికి మీరు ఊరంతా తిరుగుతున్నారు, కింద అంతస్తులో ఒంటరి మనిషి ఉన్నాడు. మందులు తేవడం, కరెంటు బిల్లు ఫోన్‌లో కట్టిపెట్టడం మీకు పది నిమిషాల పని.

బడి సంగతి త్వరగా చెప్తాను. దాన్నీ కాదనకండి. సొంత చోటన్న భావన అక్కడ రాదు, నిజమే. పరీక్షల నెలల్లో గది దొరకదు. కానీ తల్లిదండ్రులు బడి అంటే నిశ్చింతగా పంపిస్తారు, బీరువాకు తాళం ఉంటుంది, వాచ్‌మన్ ఉంటాడు. పెద్దాయన గది కుదిరినా హెడ్మాస్టరుకు కృతజ్ఞతతో ఒక ఉత్తరం రాసి, నెలకొకసారైనా ఆ గది వాడుకోండి. రేపు మేడగది పోతే నిలబడ్డానికి ఒక చోటుండాలి. పైగా ఆ బడిలో ఇప్పుడు స్కౌట్లు, గైడ్లు ఉంటే మీ క్రూలోకి రేపు రావాల్సింది వాళ్ళే.

మీరు ఉత్తరంలో ఒకే ఒక్కసారి ప్రస్తావించి వదిలేసిన విషయం ఒకటుంది. మీ రోవర్ లీడరు మైసూరు బదిలీ అయ్యారు, నెలకొకసారే వస్తున్నారు. నాకు గదికంటే ఇదే ఎక్కువ దిగులు. పద్దెనిమిది నిండని పిల్లలు, అందులో అమ్మాయిలు, మూసిన గదిలో కలుస్తున్నప్పుడు బాధ్యత గల పెద్దలు ఇద్దరుండాలి. ప్రపంచ స్కౌట్ సంస్థ సేఫ్ ఫ్రమ్ హార్మ్ అని పిల్లల భద్రతకు ఒక విధానమే పెట్టింది. పార్కులో ఉన్నన్నాళ్ళు నలుగురి కళ్ళముందు ఉన్నారు, తలుపున్న గదిలోకి వెళ్ళిన రోజునుంచి లెక్క మారుతుంది. జిల్లా స్కౌట్స్, గైడ్స్ సంస్థతో మాట్లాడి రేంజర్లకు ఒక మహిళా లీడరును అడగండి. రాష్ట్ర కార్యాలయం ప్యాలెస్ రోడ్డులోనే ఉంది, ఒక పూట సెలవు పెడితే అయిపోయే పని. తాళంచెవులు రెండుండాలి, ఒకటి అబ్బాయిల దగ్గర, ఒకటి రేంజర్ల దగ్గర. ఒక్కరే గది తెరవకూడదు.

ఇంతకీ గది కావాలా వద్దా అని మీ మేట్ అడుగుతున్నాడు. అతని వాదనలోనూ బలం ఉంది. 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ ద్వీపంలో బేడెన్ పావెల్ ఇరవై మంది అబ్బాయిలతో స్కౌటింగ్‌ను మొదలుపెట్టినప్పుడు గుడారాలే తప్ప గది లేదు. మన దేశంలో మొదటి స్కౌట్ దళం 1909లో మీ బెంగళూరులోనే ఏర్పడింది, అదీ తెల్లవాళ్ళ, ఆంగ్లో ఇండియన్ల పిల్లల కోసం. మన పిల్లలకు తలుపులు మూసి ఉన్న ఆ రోజుల్లో మద్రాసులో వేరే సంఘం పెట్టి భారతీయ బాలురను చేర్చుకున్నది అనీబిసెంట్. మీ సొంతూరు మదనపల్లెలో కాలేజీని 1915లో స్థాపించిందీ ఆవిడే, మీకిది తెలిసే ఉంటుంది. దొడ్డబళ్ళాపురలో మీరు క్యాంపుకెళ్ళే స్థలానికీ ఆవిడ పేరే. ఆ తలుపులు తెరిచింది గదులు కాదు, మనుషులు. కానీ మీ పక్షాన కూడా ఒకటి చెప్పాలి. రోవర్లు చిన్న స్కౌట్లలా బడి గంటల్లో కలవలేరు. ఆఫీసునుంచి టిన్ ఫ్యాక్టరీ కూడలి ట్రాఫిక్ దాటుకుని వచ్చేవాడికి బ్యాగు దించి కూర్చునే చోటు కావాలి. దీక్ష తీసుకునే ముందు రాత్రి తనతో తాను కూర్చుని ఆలోచించుకోవడానికి ఒక మూల కావాలి. మీ పదిహేడేళ్ళ రేంజరు ఇంట్లో చెప్పుకోలేనిది అక్కకు చెప్పుకోవడానికి పార్కు బెంచీ చాలదు. ఇది అతనికి వాదనలా కాకుండా, మీకు ఏం జరిగిందో చెప్పినట్టు చెప్పండి. మొదటి ఏడాది మీరెక్కడ కూర్చుని ఏడ్చారో ఉత్తరంలో నాకు రాశారు. అతనికి ఎప్పుడైనా చెప్పారా?

చెప్పాక, నిర్ణయం క్రూ కౌన్సిల్‌కి వదిలేయండి. మూడు దారులూ, లెక్కలూ ఒక కాగితం మీద పెట్టి, మాట్లాడే పని మీ మేట్‌కి, ఒక చిన్న రేంజరుకి అప్పగించి, మీరు వెనక వరసలో కూర్చోండి. ముఖ్యంగా ఆ చదువుకునే ఏడుగురి మాట ముందు వినండి. రెండేళ్ళ తర్వాత ఆ గదిలో ఉండేది వాళ్ళే. మూడు నెలలు మేడగదిని ఏ రంగూ వేయకుండా, ఏమీ కొనకుండా వాడి చూస్తామంటారేమో. షట్టరే కావాలని ఒప్పుకుని డబ్బు పోగేస్తారేమో. అసలు గదే వద్దు, బీరువా చాలంటారేమో. మూడోది జరిగితే మీకు బాధ కలుగుతుంది, ఆ బాధ కొన్నాళ్ళుంటుంది. అయినా వాళ్ళకు వాళ్ళే తేల్చుకున్నారు కాబట్టి చీలిపోరు.

మీ చేతులతో ఏదైనా ఇవ్వాలన్న కోరిక మాత్రం చంపుకోవద్దు. ఆ రెండు ట్రంకు పెట్టెలు మీరే కొనండి, ఎవరూ కాదనరు. ఆరేళ్ళుగా జరిగిన క్యాంపులు, చేసిన సేవలు, తప్పిపోయిన దారులు అన్నీ మీ లాగ్ పుస్తకంలో ఎక్కడెక్కడో ఉన్నాయని రాశారు. వాటిని వరసగా శుభ్రంగా తిరగరాయండి, మీ మేట్‌ని పక్కన కూర్చోబెట్టుకుని. పదకొండు నెలలు సరిగ్గా సరిపోతాయి.

షాపు ఓనరు నెలాఖరులోగా టోకెను అడుగుతున్నాడన్నారు. ఇంకా క్రూ మాట్లాడుకోవాలని చెప్పండి, షట్టర్ పోతే పోతుంది, హోరమావులో షట్టర్లకు కొదవలేదు. క్రూ కౌన్సిల్ ఆదివారం పెట్టుకోండి. ఆ 90,000 సంగతి మాత్రం ఆదివారం దాకా ఆగకుండా ఈ రాత్రే అమ్మకు ఫోన్ చేసి చెప్పండి. ఇంకా ఇవ్వలేదు కాబట్టి ఇప్పుడైతే అది ఆలోచన మాత్రమే, అమ్మ తిట్టినా తేలిగ్గా పోతుంది. అక్కను కూడా లైన్లోకి తీసుకోండి.